లవకుశులు పెద్దవారైన పిమ్మట

2020వ సంవత్సరం సెప్టెంబరు నెలలో హైదరాబాదు నగరంలో ఒక వృద్ధ నటుడు కన్నుమూసినాడు. మరునాటి పత్రికలు ఆయనను 'లవకుశ' నాగరాజు అని పేర్కొన్నవి. 1963లో విడుదలైన 'లవకుశ' చలనచిత్రంలో లవుని పాత్ర ధరించిన బాలుడు ఆయనయే. చిత్రం వచ్చి అప్పటికి 57 ఏండ్లు గడిచినవి. ఆ మధ్యకాలంలో ఆయన యువకుడైనాడు, సంసారి అయినాడు, ముసలివాడైనాడు. కాని లోకం దృష్టిలో ఆయన వయస్సు ఆ చిత్రంతోనే ఆగిపోయినది. పసితనంలో కట్టిన ఒక్క వేషం ఒక మనిషికి ఇంటిపేరై కడవరకు వెంట వచ్చినది.

దీనిని కీర్తి అని కొందరు అనవచ్చును. కీర్తియే కావచ్చును. అయితే పెద్దవాడు సంపాదించుకొన్న కీర్తికి, పసివానికి అంటగట్టిన కీర్తికి భేదం ఉన్నది. పెద్దవాడు తాను ఏమి అమ్ముకొంటున్నాడో ఎరిగి అమ్ముకొంటాడు. పసివానికి బేరమే తెలియదు. తన ముఖం, తన గొంతు, తన అమాయకత్వం ఎవరో కొన్నారన్న సంగతి వానికి తెలిసివచ్చేనాటికి, అమ్ముడుపోయిన సరుకు తిరిగిరాదు. పెరిగిన శరీరాన్ని కొనేవారు ఉండరు. బాలనటుల జీవితంలోని చిక్కు అంతా ఇక్కడనే ఉన్నది. నేడు టెలివిజన్ పోటీలలోను, సెల్‌ఫోన్ తెరలమీదను వేలకొలది పిల్లలు ఆడి పాడుతున్న తరుణంలో ఈ చిక్కు సినిమావారిది మాత్రమే కాదు, బడిపంతుళ్లది కూడ అయినది.

దగ్గరైన తెర

ఖమ్మం జిల్లాలో సత్తుపల్లికి చేరువగా, ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకొని ఉన్న వేంసూరు వంటి మండలానికి ఈ ప్రశ్న ఏమి పట్టునని తోచవచ్చును. మామిడితోటలు, ఆయిల్‌పామ్ తోటలు గల వ్యవసాయపు సీమ అది. అడవులు దాటి పోతే గోదావరి ఒడ్డున భద్రాచలం. రామకథ ఈ ప్రాంతంవారికి ఇంటికథ. లవకుశుల పేర్లు బడిలో నేర్పకముందే పిల్లలకు తెలుస్తవి. ఇక ఆ లవకుశులను తెరమీద చూపించే స్టూడియోలు మాత్రం ఒకప్పుడు మద్రాసులోను, పిమ్మట హైదరాబాదులోను, ఎక్కడో దూరంగా ఉండేవి.

కాని తెర అంచెలంచెలుగా దగ్గరకు వచ్చినది. 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో మన దేశపు టెలివిజన్ మొదలైనది. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు, ఒక సంవత్సరంపాటు, అమెరికా ఉపగ్రహం ఒకదాని సహాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందించిన గొప్ప ప్రయోగం జరిగినది. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయంపూట ప్రసారాలు కేవలం బడిపిల్లలకొరకే ఉండేవి. టెలివిజన్ మన గ్రామాలలో మొదట అడుగుపెట్టినది పాఠం చెప్పుటకేనన్న సంగతి నేడు చాలమంది మరచినారు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైనది. ఈ రెండూ జరిగిన కాలంలో రాష్ట్ర ముఖ్యమంత్రిగా ఉన్న జలగం వెంగళరావు వేంసూరు శాసనసభ నియోజకవర్గం నుండి ఎన్నికైనవారే.

1982 ఏషియన్ క్రీడలతో రంగుల ప్రసారం వచ్చినది. 1984 ప్రాంతాన చిన్న ప్రసారకేంద్రాలు దేశమంతట వెలసినవి. 1995లో తెలుగు ప్రైవేటు చానళ్లు పుట్టినవి. పిమ్మట ఊరూర కేబుల్ తీగ, ఆ వెనుక చేతిలో సెల్‌ఫోన్. దగ్గరైన ప్రతిసారీ, తెరమీది బిడ్డకును తెరయెదుట కూర్చున్న బిడ్డకును మధ్య దూరం తగ్గినది. తుదకు ఇద్దరూ ఒక్కరే అయిన రోజు వచ్చినది. వేంసూరులో ఒక ఇంటి వసారాలో నృత్యం చేసిన పాప మరునాటికి లక్షలమంది కంటబడవచ్చును. దానికి మద్రాసు రైలు ఎక్కనక్కరలేదు.

అయిదేండ్లంటే ఎంత?

1963 నాటి 'లవకుశ' తెలుగులో తొలి సంపూర్ణ వర్ణచిత్రం. దాని నిర్మాణం 1958లో మొదలై, ధనాభావంవల్ల నడుమ ఆగిపోయి, కొన్నేండ్లకు మరల సాగినది. సి. పుల్లయ్య ప్రారంభించిన చిత్రాన్ని ఆయన కుమారుడు సి. ఎస్. రావు పూర్తిచేసినాడు. తండ్రి 1934లో ఇదే కథను, ఇదే పేరుతో, మరి ఇద్దరు బాలురతో ఒకసారి తీసి ఉన్నాడు. కథకు ముసలితనం లేదు. లవకుశులు మాత్రం తరానికి ఇద్దరు చొప్పున కావలెను.

నిర్మాణంలో అయిదేండ్ల జాగు పెద్ద నటునికి పెద్ద లెక్క కాదు. రాముడు రామునివలెనే ఉంటాడు. పసివానికి అయిదేండ్లంటే బాల్యంలో సగం. పాలపండ్లు ఊడి కొత్త పండ్లు వచ్చే కాలం, గొంతు మారే కాలం, అక్షరాలనుండి భిన్నాలవరకు సాగవలసిన కాలం. సినిమా లెక్కలో ఒక రోజు ఒక రోజే. బాల్యపు లెక్కలో ఒక రోజుకు విలువ వేరు. ఈ రెండు లెక్కలను ఒకే పుస్తకంలో వ్రాయుటవల్లనే బాలనటులకు నష్టం వచ్చుచున్నది.

మరియొక విశేషం కూడ గమనింపదగినది. ఆ చిత్రంలో లవకుశులు పాడినట్లు కనబడే పాటలు పి. లీల, పి. సుశీల పాడినవి. సంగీతం ఘంటసాలది. నాగరాజు, సుబ్రహ్మణ్యం అనే ఆ బాలురు ఇచ్చినది ముఖాలు. గాయనీమణుల గళం దశాబ్దాలపాటు వారికి అన్నం పెట్టినది. బాలుర ముఖాలు ఏ కొద్ది సంవత్సరాలకో మారిపోయినవి. విద్య నేర్చినవారికి విద్య మిగులుతుంది. రూపాన్ని అరువిచ్చినవారికి జ్ఞాపకం మిగులుతుంది. తేడా అంతే. కాని ఆ తేడాలోనే ఒక జీవితం ఇమిడి ఉన్నది.

టెలివిజన్ లవకుశులు

పాతికేండ్ల పిమ్మట మరి ఇద్దరు లవకుశులు వచ్చినారు, ఈమారు టెలివిజన్‌లో. 1987 జనవరి నుండి 1988 జూలై వరకు దూరదర్శన్ ప్రసారం చేసిన రామానంద సాగర్ 'రామాయణ్'కు తరువాయిగా ఉత్తరకాండ కథ వచ్చినది. అందులో కుశుడుగా నటించిన స్వప్నిల్ జోషి పెద్దవాడై మరాఠీ చిత్రాలలో కథానాయకుడైనాడు. లవుడుగా నటించిన మయూరేశ్ క్షేత్రమాడే చదువు దారిని పోయి, అమెరికాలో ఒక వ్యాపారసంస్థలో ఉన్నతోద్యోగి అయినాడు. 2020లో కరోనా కారణంగా జనం ఇండ్లలో ఉండిపోయిన రోజులలో దూరదర్శన్ ఆ ధారావాహికలను మరల ప్రసారం చేసినది. ఆ లవకుశులు ఇప్పుడేమైనారని దేశం కుతూహలంతో వెదకి తెలుసుకొన్నది. అదే సంవత్సరం సెప్టెంబరులో తెలుగు లవుడు హైదరాబాదులో కన్నుమూసినాడు.

ఒకే పాత్ర ధరించిన బాలురు ఇన్ని దారులు పట్టినారు. ప్రతిభ ఒక్కటే కారణమని చెప్పుట అన్యాయం. నిలదొక్కుకొన్నవారు ఏ ఆధారంతో నిలదొక్కుకొన్నారో విచారించవలసి ఉన్నది.

నిలిచినవారు ఎట్లు నిలిచినారు?

తెలుగు తెరకు బాలనటులు పుట్టుకతోనే వచ్చినారు. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. కథయే ఒక బాలునిది. సురభి నాటకసమాజంవారి నాటకం ఆ చిత్రానికి ఆధారం. 1885లో కడప మండలంలోని సురభి గ్రామంలో పుట్టిన ఆ సమాజంలో పిల్లలు రంగస్థలంమీదనే పెరిగేవారు. కాని అక్కడ తల్లి సీత, తండ్రి రాముడు, పినతండ్రి హనుమంతుడు. బిడ్డ వేషం వేసినా ఇంటివారి నడుమనే ఉన్నది. గొంతు మారినప్పుడు వేషం మారుతుంది గాని కూడు పోదు. పెద్దైన లవునికి సురభిలో రాముని వేషమో, తెరలాగే పనియో, హార్మోనియమో సిద్ధంగా ఉంటుంది. సినిమాలో అట్టి ఏర్పాటు లేదు. కొత్త లవుడు కావలసివచ్చినప్పుడు పాత లవుని బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న అక్కడ పుట్టనే పుట్టదు.

1967 నాటి ఎ.వి.ఎం. వారి 'భక్త ప్రహ్లాద'లో ఎస్. వి. రంగారావు వంటి మహానటుని ఎదుట ప్రహ్లాదుడై నిలిచిన బాలిక రోజారమణి. ఆమె పెరిగి కథానాయిక అయినది. ఆ పిమ్మట ఎందరో కథానాయికలకు గళం అరువిచ్చి డబ్బింగు కళాకారిణిగా స్థిరపడినది. ఆమె కుమారుడు తరుణ్ 1990లో మణిరత్నం 'అంజలి'లో నటించి, తోటి బాలికలతోపాటు జాతీయ బహుమానం పంచుకొని, 2000లో 'నువ్వే కావాలి'తో కథానాయకుడైనాడు. 1966 నాటి 'లేత మనసులు'లో కవల పిల్లలుగా రెండు పాత్రలూ తానే ధరించిన కుట్టి పద్మిని తరువాతి కాలంలో టెలివిజన్ ధారావాహికల నిర్మాత అయినది. 1981లో 'సీతాకోకచిలుక'లో కనబడిన రాజమండ్రి బాలుడు అలీ హాస్యనటుడై, టెలివిజన్ వ్యాఖ్యాత అయినాడు. వీరందరూ తెర విడిచిపోలేదు. తెరవద్ద మరియొక పని నేర్చుకొన్నారు. ముఖం పనికిరాని రోజున గొంతు, గొంతు చాలని రోజున నిర్వహణశక్తి వారిని ఆదుకొన్నవి.

మరికొందరికి ఇంటి అండ ఉన్నది. మహేశ్‌బాబు బాలుడుగా అనేక చిత్రాలలో నటించి, చదువుకొరకు నటన ఆపి, పట్టా పుచ్చుకొన్న పిమ్మట 1999లో కథానాయకుడై తిరిగివచ్చినాడు. తండ్రి పేరున్న నటుడు, నిర్మాత. పదేండ్లు ఆగినా తలుపు మూసుకొనదన్న ధైర్యం ఆ ఇంటిలో ఉన్నది. 1997లో పిల్లలతోనే తీసిన 'రామాయణం'లో రామునిగా నటించిన జూనియర్ ఎన్.టి.ఆర్. విషయంలోనూ వంశబలం కాదనలేనిది. అదే చిత్రంలో సీతగా నటించిన స్మితా మాధవ్ మాత్రం శాస్త్రీయ సంగీత నృత్యాలను ఆశ్రయించి కళాకారిణిగా పేరు తెచ్చుకొన్నది.

శ్రీదేవి కథ వీరందరికంటె వేరు. నాలుగేండ్ల వయస్సులో తమిళ చిత్రంలో మొదలైన నటన, విరామమన్నది లేకుండ కథానాయిక దశకు సాగిపోయినది. భారతదేశమంతటా పేరు, 2013లో పద్మశ్రీ, అన్నీ లభించినవి. కాని తోటి పిల్లలు బడిలో గడిపిన ఏండ్లు ఆమె కెమెరా యెదుట గడిపినది. ఆమె విజయాన్ని చూచి తల్లిదండ్రులు తమ బిడ్డలను వేషాలకు తీసుకొనిపోతారు. శ్రీదేవి లక్షలో ఒకతె. తక్కిన తొంబదితొమ్మిది వేల తొమ్మిదివందల తొంబదితొమ్మిదిమంది పేర్లు ఎవరికీ తెలియవు. తెలియవు గనుకనే వారిని లెక్కలోనికి తీసుకొనేవారు లేరు.

స్టూడియోలో అండ లేని బాలునికి మిగిలే ఆధారం బడి. ఇందుకు చక్కని ఉదాహరణ మాస్టర్ మంజునాథ్. ఆర్. కె. నారాయణ్ కథలను శంకర్ నాగ్ దూరదర్శన్‌కొరకు 'మాల్గుడి డేస్' పేర తీసినప్పుడు, స్వామి అనే బడిపిల్లవానిగా నటించిన బాలుడు అతడు. బడి అంటే భయపడే స్వామిని చూచి దేశంలోని బడిపిల్లలందరూ తమను తామే చూచుకొన్నారు. 1992లో కె. విశ్వనాథ్ 'స్వాతికిరణం'లో గంగాధరంగా అతడు తెలుగువారికి ఆప్తుడైనాడు. అటుపిమ్మట అతడు నటనను విడిచి, చదువుకొని, బెంగుళూరులో ఉద్యోగం చేసికొన్నాడు. అతడు పతనమైన తార కాడు. పని ముగించి ఇంటికి పోయిన మనిషి. బడిని తప్పించుకొనే పిల్లవాని వేషం వేసినవానిని బడియే నిలబెట్టినదన్నది ఇందులోని అందం.

'స్వాతికిరణం' కథను ఉపాధ్యాయులు మరియొకసారి తలచుకొనుట మంచిది. గంగాధరం పుట్టు ప్రతిభావంతుడు. గురువు అనంతరామశర్మ మహావిద్వాంసుడు. శిష్యుని కీర్తి చూచి గురువు హృదయంలో అసూయ పుట్టినది. ఆ అసూయను సహించలేక బాలుడు ప్రాణం విడుస్తాడు. బాలుని ప్రతిభ పెద్దల చేతిలో ఉన్న నిప్పు వంటిదని ఆ కథ చెప్పుచున్నది. అసూయ చేసే కీడే ఆశ కూడ చేయగలదు. ఒకరు బిడ్డను అణచుతారు, మరియొకరు బిడ్డను తరుముతారు. రెండింటిలోను నలిగేది బిడ్డయే.

ఒక అమెరికా బాలుని దావా

ఈ విషయంలో ముందుగా దెబ్బ తిని, ముందుగా మేలుకొన్నది అమెరికా. 1921లో చార్లీ చాప్లిన్ తీసిన 'ది కిడ్' చిత్రంలో నటించిన జాకీ కూగన్ అప్పటికి ఆరేడేండ్లవాడు. ఆ చిత్రంతో అతడు లోకప్రసిద్ధుడై లక్షలాది డాలర్లు ఆర్జించినాడు. 1935లో 21వ ఏడు నిండి తన సొమ్ము అడుగగా, తల్లి, మారుతండ్రి ఇవ్వలేదు. మైనరు ఆర్జన తల్లిదండ్రులదేనని నాటి చట్టం. 1938లో అతడు దావా వేసినాడు. తుదకు చేతికి వచ్చినది సుమారు 1,26,000 డాలర్లు. ప్రజలు ఈ అన్యాయానికి నివ్వెరపోగా, 1939లో కాలిఫోర్నియా రాష్ట్రం బాలనటుల ఆర్జనను కాపాడే చట్టం చేసినది. నేటికీ దానిని కూగన్ పేరుతోనే పిలుస్తారు. ఆ చట్టంలో లొసుగులు చాల ఉండేవి. 2000వ సంవత్సరం నుండి అమలైన సవరణతోనే ఆర్జన బిడ్డదేనని స్పష్టపడినది. అందులో 15 శాతం విడిగా దాచుట తప్పనిసరి అయినది.

కూగన్ తరువాత చిన్న వేషాలతో కాలం గడిపి, 1964 నుండి 1966 వరకు వచ్చిన 'ది ఆడమ్స్ ఫ్యామిలీ' అనే టెలివిజన్ ధారావాహికలో బోడితల ఫెస్టర్ మామగా మరల ప్రేక్షకులను నవ్వించినాడు. కాని ఆ టెలివిజన్ మరికొందరు పిల్లలను అదే గోతిలో పడవేసినది. 1978 నుండి 1986 వరకు సాగిన 'డిఫరెంట్ స్ట్రోక్స్'లో నటించిన గారీ కోల్‌మన్ తన సొమ్ముకొరకు తల్లిదండ్రులమీదనే దావా వేసి, 1993లో గెలిచినాడు. 2010లో 42 ఏండ్లకే మరణించినాడు. 1990లో మరియొక మాజీ బాలనటుడు ఆత్మహత్య చేసికొనగా, తానూ ఒకనాటి టెలివిజన్ బాలనటుడైన పాల్ పీటర్సన్ ఇట్టివారికి అండగా ఒక సంఘాన్ని స్థాపించినాడు. మరియొక పక్క, 1960 నాటి 'ది ఆండీ గ్రిఫిత్ షో'లో నటించిన బాలుడు రాన్ హోవర్డ్ దర్శకుడై ఆస్కారు బహుమానం పొందినాడు. సముద్రాలు దాటినా కథ ఇదే. ఇల్లు ధర్మంగా ఉండి, మరియొక విద్య చేతికి వచ్చినవారు నిలిచినారు.

మన చట్టం ఏమి చెప్పుచున్నది?

మన దేశంలో బాలకార్మిక నిషేధ చట్టం 1986లో వచ్చినది. 2016లో దానిని సవరించి, 14 ఏండ్లలోపు పిల్లలను ఏ పనిలోను పెట్టరాదని విధించినారు. అయితే రెండు మినహాయింపులు ఉంచినారు. బడివేళలు కాని సమయంలోను, సెలవులలోను కుటుంబానికి సాయపడుట ఒకటి. చలనచిత్రాలు, టెలివిజన్ ధారావాహికలు, ప్రకటనలు మొదలైన వాటిలో కళాకారులుగా పాల్గొనుట రెండవది. సర్కసుకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. బడి చదువుకు భంగం రాకూడదన్నది రెండింటికీ షరతు.

ఏ విధంగా పాల్గొనవలెనో 2017 నాటి నియమాలు వివరించినవి. బిడ్డచేత రోజుకు 5 గంటలకు మించి పని చేయించరాదు. విశ్రాంతి లేకుండ 3 గంటలు దాటరాదు. వరుసగా 27 రోజులకు మించి పనిలో ఉంచరాదు. నిర్మాత ముందుగా జిల్లా మేజిస్ట్రేటు అనుమతి పొందవలెను. అయిదుగురు పిల్లలకు ఒకరు చొప్పున బాధ్యత వహించే వ్యక్తిని నియమించవలెను. బిడ్డ ఆర్జనలో కనీసం 20 శాతం బిడ్డ పేర జాతీయ బ్యాంకులో స్థిరనిధిగా వేసి, మేజరైన పిమ్మట చేతికి అందజేయవలెను. బిడ్డకు ఇష్టం లేని పనిని చేయించరాదు.

మంచి నియమాలే. కాగితంమీద చూస్తే కాలిఫోర్నియా 15 శాతం దాచితే మనం 20 శాతం దాచుచున్నాము. టెలివిజన్ కార్యక్రమాలలో పిల్లల పాల్గొనుటను గూర్చి జాతీయ బాలల హక్కుల రక్షణ సంఘం 2011లోనే మార్గదర్శకాలు ఇచ్చినది. 2022లో వెలువరించిన ముసాయిదాలో సామాజిక మాధ్యమాలను కూడ చేర్చినది. కొరత శాసనంలో కంటె అమలులో ఉన్నది. స్టూడియోకు ఒక తలుపు, ఒక కాపలాదారు, ఒక లెక్కల పుస్తకం ఉంటాయి. తనిఖీ చేయదలచిన అధికారి వెళ్లుటకు ఒక చిరునామా ఉంటుంది. ఇంటికి పోయి తనిఖీ చేసేవారెవరు?

ఇల్లే స్టూడియో అయినప్పుడు

1996లో ఈటీవీలో ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం 'పాడుతా తీయగా' ప్రారంభించినప్పుడు చిన్న ఊళ్ల పిల్లలకు గొప్ప ద్వారం తెరచుకొన్నది. తప్పు పాడిన బిడ్డకు తప్పును విడమరచి చెప్పి, తలనిమిరి పంపే పద్ధతి ఆ పెద్దమనిషిది. అది పోటీ అయినా పాఠంవలె ఉండేది. పిమ్మట వచ్చిన కొన్ని నృత్యపు పోటీలలో పాఠం తగ్గి పందెం పెరిగినది. వయస్సుకు మించిన పాటలు, వేషాలు, మాటలు పిల్లలకు అంటినవి. ఓడిన బిడ్డ కన్నీటిని దగ్గరగా చూపుట కూడ కార్యక్రమంలో భాగమైనది. ఏడ్చుటకు బిడ్డకు హక్కు ఉన్నది. ఆ ఏడుపును అమ్ముకొనుటకు ఎవరికీ హక్కు లేదు.

యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ వచ్చి పోటీ తీర్పరిని కూడ తీసివేసినవి. నేడు తండ్రి ఛాయాగ్రాహకుడు, తల్లి దర్శకురాలు, బిడ్డ కథానాయకుడు. ఇందులో తప్పు లేని సరదా చాల ఉన్నది. ముసలమ్మ మాటలకు ఎదురుచెప్పే మనుమడిని చూచి ఊరంతా నవ్వుకొనుట మంచిదే. కాని చూచేవారు పెరిగి, ప్రకటనల సొమ్ము రావడం మొదలైననాడు సరదా జీవనోపాధిగా మారుతుంది. రేపటి వీడియో కావలసి ఉన్నది గనుక బిడ్డ నేడు నవ్వవలసి ఉన్నది. జ్వరం వచ్చినా, పరీక్ష ఉన్నా, మనస్సు బాగులేకపోయినా నవ్వవలసిందే. ఇక్కడ నిర్మాత, సంరక్షకుడు ఒక్కరే. బిడ్డ తరపున నిర్మాతతో బేరమాడవలసిన తండ్రి తానే నిర్మాత అయితే, బిడ్డ తరపున మాటలాడేది ఎవరు?

చట్టం రెండు మినహాయింపులలో దేనికింద చూచినా ఈ బిడ్డకు కొంత రక్షణ ఉండవలెను. కళాకారుడనుకొంటే 5 గంటల హద్దు, 20 శాతం నిధి వర్తించవలెను. కుటుంబానికి సాయపడుచున్నాడనుకొంటే, నియమాల ప్రకారం రోజుకు 3 గంటలకు మించి, బడివేళలలోను, రాత్రి 7 గంటల నుండి ఉదయం 8 గంటల వరకును పని చేయించరాదు. అయినా నిర్మాతను, స్టూడియోను తలపెట్టుకొని వ్రాసిన నియమాలు నట్టింటి సెల్‌ఫోన్‌ను పట్టుకొనలేకున్నవి. ఫ్రాన్సు దేశం 2020లోనే ఇట్టి పిల్లలకొరకు ప్రత్యేక శాసనం చేసినది. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రం 2024 జూలై నుండి, తల్లిదండ్రుల వీడియోలలో కనబడే పిల్లలకు ఆ సంపాదనలో భాగం దాచవలెనని విధించినది. మన శాసనకర్తలు కూడ ఈ దిక్కుగా స్పష్టమైన మాట చెప్పవలసిన కాలం వచ్చినది.

ధనం ఒక్కటే కాదు. నాగరాజు వేసిన లవుని వేషం గౌరవమైన వేషం. జ్ఞాపకం వచ్చినప్పుడు నమస్కరించదగిన వేషం. నేటి బిడ్డ మూడవ ఏట స్నానం చేయుచు ఏడ్చిన దృశ్యం పదునెనిమిదవ ఏట కళాశాలలో తోటివారి సెల్‌ఫోన్‌లో కనబడితే ఏమగును? పాత సినిమా రీలు అరిగిపోయేది, కాలిపోయేది. ఈ రీలు అరగదు. ఆనాటి బాలనటునికి లోకం మరపును ప్రసాదించేది; నేటి బాలనటునికి ఆ ప్రసాదం కూడ లేదు.

వాల్మీకి పెట్టిన నియమాలు

ఈ సందర్భంలో బడిపంతులు ఏమి చేయగలడు? అతనికి అధికారం లేదనుట సరి కాదు. బడికి చెప్పకుండ బిడ్డ వరుసగా 30 రోజులు రానప్పుడు ప్రధానోపాధ్యాయుడు ఆ సంగతిని నియమిత అధికారికి తెలియజేయవలెనని 2017 నియమాలే చెప్పుచున్నవి. కలెక్టరు వేంసూరు మండలంలోని ప్రతి ఇంటికి పోలేడు. పంతులుకు మాత్రం ఏ బిడ్డ ఎన్ని దినాలుగా రాలేదో, వచ్చిన బిడ్డ కండ్లు నిద్రలేక ఎందుకు ఎర్రబడినవో తెలుస్తుంది. కాబట్టి బాలనటుని రక్షించే మొదటి పత్రం జిల్లా కార్యాలయంలోని అనుమతి కాదు, తరగతిలోని హాజరు పట్టీ.

అంతకంటె ముఖ్యమైన పని మరియొకటి ఉన్నది. పాడగలిగిన బిడ్డను పాడవద్దని చెప్పుట గురువు పని కాదు. వార్షికోత్సవంలో వేషం కట్టించి, చప్పట్లు ముగిసిన మరునాడు అదే బిడ్డను మామూలు బల్లమీద కూర్చోబెట్టి లెక్క అడుగుట గురువు పని. చప్పట్లకు అవతల కూడ తనకొక విలువ ఉన్నదని బిడ్డకు తెలియజేసేది ఆ లెక్కయే. తల్లిదండ్రులను పిలిచి, నిందింపక, సొమ్ములో కొంత బిడ్డ పేర వేయుడని, బిడ్డ వద్దన్ననాడు కెమెరా మూయుడని నెమ్మదిగా చెప్పగల చనువు ఊరిలో పంతులుకే ఉన్నది. విద్యార్థులకు కూడ ఒక బాధ్యత ఉన్నది. తెరమీద కనబడిన తోటి బిడ్డను మరునాడు తరగతిలో ఆ పాత్ర పేరుతో పిలువకుండుట, ఓడివచ్చినవానిని ఎగతాళి చేయకుండుట ఆ బిడ్డకు చేయగలిగిన గొప్ప ఉపకారం.

ఇదంతా కొత్త ధర్మం కాదు. వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో ముని లవకుశులను అశ్వమేధశాలకు పంపుచు చెప్పిన మాటలలో ఇదంతా ఉన్నది. రోజుకు ఇరువది సర్గలు మాత్రమే పాడుడని ఆయన హద్దు పెట్టినాడు. శ్రమ కలుగకుండ నడుమ మధురమైన పండ్లు తినుడని ఆహారం చెప్పినాడు. ధనంమీద కొంచెమైనను ఆశ పెట్టుకొనవద్దన్నాడు. మీరెవరని రాజు అడిగితే వాల్మీకి శిష్యులమని చెప్పుడన్నాడు. రాముడు బంగారం ఇవ్వబోగా, ఆ బాలురు కందమూలాలు తినే తమకు అది ఎందుకని పుచ్చుకొనలేదు.

పనికి హద్దు, ఆకలికి పండు, సొమ్ముకు నియమం, చెప్పుకొనుటకు ఒక గురువు పేరు. ప్రభుత్వాలు ఈనాడు నియమాలుగా వ్రాయుచున్నవానిని ఆ మునియే మొదట పాటించి చూపినాడు. వాల్మీకి లవకుశులు గానం ముగిసిన పిమ్మట వీధిన పడలేదు. వారికి పోవుటకు ఒక ఆశ్రమం, నేర్చుటకు ఒక విద్య ఉండినవి. భద్రాద్రి రాముని సీమలో, వేంసూరు బడులలో, నేడు సెల్‌ఫోన్ యెదుట ఆడి పాడుచున్న పిల్లలకు కావలసినదీ అదియే. తెర ఆరిపోయిన పిమ్మట పోవుటకు ఒక బడి ఉండవలెను. ఆ బడిలో వారిని వేషం పేరుతో గాక, తల్లిదండ్రులు పెట్టిన పేరుతో పిలిచే ఒక పంతులు ఉండవలెను.